కిరాయి పుస్తకం

మా అమ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీరల కింద ఒక పొడుగాటి నోటు పుస్తకం ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. కుట్టు దారం బయటికి వచ్చి వేలాడుతుంటుంది. మొదటి పేజీలో పైన ఎర్రసిరాతో ‘శ్రీరామ’ అని, దాని కింద ‘1989 జూన్, కిరాయి 150’ అని ఉంటుంది. పక్కన ఇంటావిడ సంతకం. ఆమెకు చదువు రాదు. తన పేరులో మొదటి అక్షరం ఒక్కటి నేర్చుకుని, అదే పెట్టేది. మిర్యాలగూడలో మేం ఇరవై ఏళ్లలో నాలుగు ఇళ్లు మారాం. నాలుగిళ్ల లెక్కా ఆ పుస్తకంలో నెలకో వరుస చొప్పున ఉంది.

కొన్ని వరుసల పక్కన అమ్మ చిన్న అక్షరాలతో ఏదో ఒకటి రాసుకుంది. ‘బుడ్డదానికి జరం, 10న ఇచ్చినం.’ ‘బాయిల నీళ్లు అడుగంటినయి.’ ‘సున్నం మనమే ఏసుకున్నం, 40 పట్టుకున్నరు.’ ఆ బుడ్డదాన్ని నేనే. నాకు జ్వరం వచ్చిన నెల ఏదో, మా నాన్న కాలు విరిగి రెండు నెలలు సగం జీతంతో గడిచిన కాలం ఏదో నాకు గుర్తు లేదు. పుస్తకం చూస్తే తెలుస్తుంది. కిరాయి ఏ తారీఖున కట్టారో చూస్తే ఆ నెల ఇంట్లో ఎలా గడిచిందో చెప్పొచ్చు. ఒకటో తారీఖున కట్టిన నెలల్లో పక్కన ఏమీ రాసి ఉండదు.

నాన్న ఆర్టీసీలో కండక్టరు. 1993లో ఒకచోట అమ్మ జీతం కూడా రాసింది: ‘జీతం 2,300, కిరాయి 250.’ కిరాయి కాస్త అటూ ఇటూగా జీతంలో తొమ్మిదో వంతు. రోజుల్లో చెప్పుకుంటే నెలలో మూడు రోజుల సంపాదన ఇంటివాళ్లకు పోతే, మిగిలిన ఇరవై ఏడు రోజులదీ మా కడుపులోకీ, మా బట్టల్లోకీ, మా చదువుల్లోకీ వచ్చింది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో, మియాపూర్ దగ్గర ఉంటున్నాను. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. మావారు ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. ఆయనది కాకినాడ, ‘అద్దె’ అంటారు. అమ్మ ‘కిరాయి’ అంటుంది. మా పాప ‘రెంట్’ అంటుంది. ఎవరే పేరుతో పిలిచినా డబుల్ బెడ్రూమ్ ఫ్లాటుకు నెలకు 19,000, మెయింటెనెన్స్ 2,500. ఇద్దరి జీతాలూ కలిపి 71,000. మొన్న కూర్చుని అమ్మ పద్ధతిలోనే లెక్క వేశాను. తొమ్మిది రోజులు. నాన్న మూడు రోజుల్లో తీర్చిన బాకీని మేం ఇద్దరం కలిసి తొమ్మిది రోజులు పనిచేసి తీరుస్తున్నాం. ఒక్క తరంలో ఆరు రోజులు మా చేతుల్లోంచి జారిపోయాయి.

ఈ ఇంట్లోకి 2021లో వచ్చాం. అప్పుడు కిరాయి 13,500. కరోనాకు జనం ఊళ్లకు వెళ్లిపోయి, వీధిలో ప్రతి గేటుకూ టు-లెట్ బోర్డు వేలాడుతున్న కాలం అది. ఇంటివాళ్లే కింద దాకా వచ్చి, తాళం తీసి, గదులు చూపించి, ‘నీళ్లకు ఇబ్బంది ఉండదమ్మా’ అని నచ్చజెప్పారు. ఏడాది తిరిగేసరికి ఆఫీసులు అందరినీ వెనక్కి పిలిచాయి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట అంటూ కొలువులన్నీ నగరానికి పడమటి కొసన పోగుపడ్డాయి కనుక, ఆ కొసకు గంటలో చేరగలిగే ప్రతి కాలనీలోనూ బోర్డులు మాయమయ్యాయి. అప్పటినుంచి ఏటా జూన్‌లో ఫోన్ వస్తుంది. ‘అందరూ పెంచుతున్నారమ్మా, మేం మాత్రం ఏం చేస్తాం’ అంటారు. పాప స్కూలు దగ్గరే ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, లిఫ్టు లేని ఇల్లు కుదరదు. ఇల్లు మారాలంటే కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్సు, బ్రోకరుకు ఒక నెల, సామాను బండికి పది వేలు, పాత ఇంట్లో రంగులకని పట్టుకునే ఒక నెల కిరాయి. ఇవన్నీ కలిపి చూస్తే పెంచింది కట్టడమే చౌక. ఇంటివాళ్లకు ఈ లెక్క మాకంటే బాగా తెలుసు.

మా అగ్రిమెంటు పదకొండు నెలలకు రాసుకున్నది. తెలుగు నేల మీద కిరాయి కాగితాలు చాలామటుకు పదకొండు నెలలవే ఎందుకుంటాయా అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటుంది. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ లేకుండా అందరూ ఒక నెల తగ్గించి రాసుకుంటారు. దాంతో ఒక కుటుంబం ఒక ఇంట్లో పదేళ్లున్నా, కాగితం మీద దానికి పదకొండు నెలల ఆయుష్షే ఉంటుంది.

మరి చట్టం లేదా అంటే ఉంది. 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక అద్దె నియంత్రణ చట్టం చేసింది. రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లి న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని అడగొచ్చు, సరైన కారణం లేకుండా ఖాళీ చేయించకుండా ఆపమనొచ్చు. 2005లో ఆ చట్టానికి ఒక సవరణ వచ్చింది. నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయిలకు చట్టం వర్తించదన్నారు. 2005 నాటికి అది పెద్ద మొత్తమే అయివుండొచ్చు. ఇవాళ మా వైపు 3,500కు మేడ మీద రేకుల గది కూడా రాదు. తెలంగాణలో ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. కిరాయిలే దాన్ని దాటుకుని వెళ్లిపోయాయి.

ఇక శాతాల సంగతి. సంపాదనలో 30 శాతం దాటి ఇంటికి పోతే ఆ కుటుంబం అద్దె భారంతో ఉన్నట్టు అని ఒక కొలత చాలా దేశాల్లో వాడుతున్నారు. ఇది అమెరికా నుంచి వచ్చింది. 1969లో ఎడ్వర్డ్ బ్రూక్ అనే సెనేటర్ చొరవతో, ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదల దగ్గర ఆదాయంలో నాలుగో వంతుకు మించి అద్దె తీసుకోకూడదని నియమం పెట్టారు. 1981లో దాన్ని 30 శాతం చేశారు. పేదవాడి దగ్గర ఇంతకు మించి తీసుకోవద్దని గీసిన గీత అది. కాలక్రమంలో ప్రతి ఇంటినీ కొలిచే బద్ద అయింది. ఆ బద్ద పెడితే మేం 30 శాతానికి ఒక్క వెంట్రుకవాసి పైన ఉన్నాం.

మా అపార్టుమెంటులో నాలుగిళ్లలో అంట్లు తోమే అక్క ఉంది. నారాయణఖేడ్ నుంచి వచ్చింది. భర్త సెంట్రింగ్ పని. పని బాగా దొరికిన నెలలో ఇద్దరివీ కలిపి 26,000. హఫీజ్‌పేట వెనక ఒక గది, ముందు చిన్న వసారా, దానికి కిరాయి 6,500. శాతం చూస్తే పాతిక. ఆ బద్ద ప్రకారం ఆమెకు అద్దె భారం లేదు, నాకుంది. నాకు కిరాయి పోగా నలుగురికి 49,500 మిగులుతుంది. ఆమెకు ఐదుగురికి 19,500. ఒక మనిషికి ఒక రోజుకు 130 రూపాయలు. అందులోనే బియ్యం, గ్యాస్, పిల్లల ఫీజు, మందు బిళ్లలు, ఊళ్లో అప్పుకు వడ్డీ. వాన పడి సెంట్రింగ్ ఆగిన నెలలో ఆ 130 కూడా ఉండదు, 6,500 మాత్రం అలాగే ఉంటుంది. అమెరికాలోనే మైకేల్ స్టోన్ అనే ఆయన 1993లో ‘షెల్టర్ పావర్టీ’ అని పుస్తకం రాసి, ఇంటికి ఎంత శాతం పోయిందని కాక, అది పోయాక మిగిలినదాంతో ఆ ఇంటిల్లిపాదీ బతకగలరా అని చూడాలన్నాడు. మా అమ్మ పుస్తకంలోని ‘10న ఇచ్చినం’ అన్న మాటలో ఉన్నదీ అదే. భారం ఎంతో చూడాలంటే కిరాయి కట్టినవాళ్ల ఇంట్లో ఆ సాయంత్రం పొయ్యి మీద ఏముందో చూడాలి.

ఆ అక్క గదికి కరెంటు మీటరు లేదు. సబ్ మీటరు ఉంది. నాలుగు పోర్షన్లకూ ఇంటివాళ్ల పేరున ఒకటే అసలు మీటరు. యూనిట్‌కు పది రూపాయల చొప్పున వసూలు చేస్తారు. ఆమె వాడేది ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక పాత టీవీ, నెలకు అరవై యూనిట్లు, 600 రూపాయలు. విడిగా మీటరు ఉంటే ఏమయ్యేదో ఒకరోజు నా బిల్లు వెనక లెక్క వేసి చూపించాను. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి తెలంగాణలో మొదటి యాభై యూనిట్లకు 1.95, తర్వాతి యాభైకి 3.10. అరవై యూనిట్లకు 130 రూపాయల లోపే, పైన కొద్దిగా చార్జీలు. 2024లో గృహజ్యోతి వచ్చి 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు ఇళ్లకు బిల్లే లేకుండా పోయింది. కిరాయి ఇళ్లలో ఉన్నవాళ్లకూ వర్తిస్తుందన్నారు. కానీ నాలుగు కుటుంబాలు ఒక మీటరు మీద ఉంటే 200 దాటకుండా ఎలా ఉంటుంది? దాటాక పై స్లాబు పడుతుంది. ఇంటివాళ్లు పది వసూలు చేయడానికి ఆ పై స్లాబే కారణంగా చెబుతారు. నగరంలో అందరికంటే తక్కువ వాడే మనిషి అందరికంటే ఎక్కువ రేటు కడుతోంది. ఆమె ఆ లెక్కంతా విని, ‘మీటరు అడిగితే ఖాళీ జేయమంటరు మేడం’ అని కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ లెక్కలన్నీ హఫీజ్‌పేట గదివి. ఈ మధ్య ఆమె పటాన్‌చెరు వైపు మారింది. కిరాయి 4,500. రెండు వేలు తగ్గింది. ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో వచ్చింది. అది లేకపోతే ఆ రెండు వేలూ చార్జీలకే పోయేవి. ఆ పథకాన్ని మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ దాన్ని ప్రయాణం సంగతిగానే మాట్లాడతారు. నా కళ్లకు అది కిరాయి సాయంలా కనబడింది. కానీ ఆమె మునుపు ఆరున్నరకు లేచేది, ఇప్పుడు నాలుగున్నరకు లేస్తోంది. చిన్నపిల్ల నిద్ర లేచేసరికి తల్లి ఇంట్లో ఉండదు. తగ్గిన రెండు వేలకు ఆమె చెల్లించిన వెల అది. ఏ లెక్కల పుస్తకంలోనూ దాన్ని రాసుకునే గడి లేదు.

ఇళ్లు లేక కిరాయిలు పెరిగాయా అంటే, ఉన్న ఇళ్లకూ కొదవ లేదు. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా తాళాలేసి ఉన్నాయని తేలింది. మరుసటి ఏడాదే కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో కోటీ 87 లక్షల ఇళ్ల కొరత ఉందని, ఆ కొరతలో నూటికి తొంభై ఐదు వంతులకు పైగా పేద, అల్పాదాయ కుటుంబాలదేనని చెప్పింది. డబ్బు దాచుకోవడానికి కట్టినవి ఖాళీగా ఉంటాయి, తలదాచుకోవడానికి కావలసినవి ఎవరూ కట్టరు. ఇంటివాళ్ల భయం కూడా నాకు తెలుసు. రిటైరైన ఉద్యోగి పీఎఫ్ డబ్బంతా పెట్టి రెండంతస్తులు వేసుకుంటాడు, కిరాయే అతని పింఛను. కిరాయికి వచ్చినవాడు కట్టకుండా కూర్చుంటే కోర్టులో ఏళ్లు పడుతుంది. ఆ భయంతోనే పదకొండు నెలల కాగితాలూ, వంద ప్రశ్నలూ.

ఆ ప్రశ్నల సంగతి కిరాయి ఇల్లు వెతికిన ప్రతివాళ్లకూ తెలుసు. ఎంతమంది ఉంటారు, చుట్టాలు ఎక్కువ వస్తారా, నీసు తింటారా. చివరికి, ‘ఇంటిపేరేంటమ్మా?’ అది ఇంటిపేరు తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న కాదని అడిగేవాళ్లకూ తెలుసు, అడిగించుకునేవాళ్లకూ తెలుసు. మా కాలేజీలో నాతో పనిచేసే ఆయన, చదువులోనూ జీతంలోనూ నాకంటే పైన, ఒక వేసవిలో పదిహేడు ఇళ్లు చూశారు. పదహారు ఇళ్లలో ఇంటిపేరు చెప్పిన సాయంత్రానికి ‘మా తమ్ముడి కొడుకు వస్తానన్నాడండీ’ అని ఫోన్ వచ్చింది. పదిహేడో ఇంటివాళ్లు ఇచ్చారు, పక్క ఫ్లాటు కంటే రెండు వేలు ఎక్కువకు. ఆయన మారు మాట్లాడకుండా కట్టారు. దళితులూ ముస్లింలూ ఈ నగరంలో కిరాయితో పాటు ఇలాంటి పైకం ఒకటి కడుతూనే ఉన్నారు. ఆ పైకానికి రసీదు ఉండదు.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మియాపూర్‌కు రాకముందు కూకట్‌పల్లి వైపు ఒక ఇంట్లో మొదటి అంతస్తులో ఉండేవాళ్లం. కింది పోర్షన్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆయన రంగులేసే మేస్త్రి. మా ఇంటి గోడలకూ, మెట్ల కమ్మీలకూ ఆ సంక్రాంతికి రంగులేసింది ఆయనే. ఏడేళ్లుగా ఆ పోర్షన్‌లోనే ఉన్నారు, ఒక్క నెల కిరాయి ఆగలేదు. ఒక రాత్రి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. తెల్లవారుజామున అంబులెన్స్ గేటు ముందు ఆగింది. ఇంటాయన పై అంతస్తు నుంచి దిగి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. చేతులు జోడించి అన్నాడు, ‘అమ్మా, తప్పుగా అనుకోకండి. లోపలికి మాత్రం తేవద్దు. ఇల్లు మైలపడితే శాంతి చేయించాలి, పైగా రేపు ఎవరూ కిరాయికి రారు.’

ఆమె అంబులెన్స్ మెట్టు మీద కూర్చుని ఉంది. ‘ఒక్క గంట బాబూ. నీల్లోసీసి తీసుకెల్లిపోతాం’ అంది. అంతకు మించి ఏమీ అడగలేదు. మావారూ పక్కింటాయనా వెళ్లి మాట్లాడారు. ఇంటాయన తల దించుకుని నిలబడ్డాడు, గేటు మాత్రం తీయలేదు. చివరికి రోడ్డు పక్కన, ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల, కూరగాయల బండి పెట్టుకునేచోట ఒక టార్పాలిన్ కట్టాం. అక్కడే నీళ్లు పోశారు. బిందె మాది. స్కూలు బస్సులు పక్కనుంచే వెళుతున్నాయి, కిటికీల్లోంచి పిల్లలు చూస్తున్నారు. ఏడేళ్లు తన చేత్తో ఊడ్చి ముగ్గు పెట్టుకున్న వాకిలి ఆమెకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. తొమ్మిది గంటలకు అంబులెన్స్ శ్రీకాకుళం బయల్దేరింది. ఏడు వందల కిలోమీటర్ల దారి. దానికీ కిరాయే.

పన్నెండు రోజుల తర్వాత ఆమె సామాను తీసుకోవడానికి వచ్చింది. ఆ నెల కిరాయి పూర్తిగా కట్టి వెళ్లింది.

ఇంటాయన దుర్మార్గుడని నేను అనుకోను. పండక్కి అందరికీ అరిసెలు పంపేవాడు. ఇది ఒక్క ఇంటి కథ కూడా కాదు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఏ పట్నంలో అడిగినా ఇలాంటిది ఒకటి చెబుతారు. కిరాయికున్నవాళ్లు చావు దగ్గరపడిన పెద్దవాళ్లను ముందే ఊరికి పంపేస్తారు. కొందరు ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికే వెళతారు. పురుడు పోసుకోవడానికీ ఇంటివాళ్ల అనుమతి అడగవలసిన ఇళ్లున్నాయి. నెల నెలా అంత డబ్బు పోస్తున్నా మనం కొనుక్కుంటున్నది మామూలు రోజుల్లో ఉండనిచ్చే ఒప్పందమే. మనిషికి ఇల్లు అన్నిటికంటే ఎక్కువగా అవసరమైన రోజున ఆ ఇల్లు మనది కాకుండా పోతుంది.

ఆ రోజు నుంచి మా అమ్మ సొంతిల్లు మాట ఎత్తడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎన్నడూ అడగలేదు. ‘పెద్దది అద్దు బిడ్డా. నన్ను పండవెట్టుకునే జాగ అన్న మనది గావాలె’ అంటుంది. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు పలకరించి ‘ఇంకా అద్దె ఇల్లేనా?’ అన్నప్పుడు నేను పట్టించుకోను. అమ్మ మాట దగ్గర మాత్రం ఆగిపోతాను. మావారూ నేనూ కూర్చుని లెక్కలు వేశాం. మేం ఉంటున్నలాంటి ఫ్లాటే మా పక్క వీధిలో 80 లక్షలు. 20 లక్షలు చేతిలో ఉండాలి. మిగతా 60 లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ల వాయిదాలు పెట్టుకుంటే నెలకు 52,000. ఇద్దరం కలిసి నెలలో ఇరవై రెండు రోజులు ఆ ఇంటికే పనిచేయాలి, అది కూడా ఇరవై ఏళ్లు. ఇంత కష్టానికి జనం ఎందుకు తల ఒగ్గుతారో, ఇంటి అద్దెకు దాదాపు మూడింతలు వాయిదా ఎందుకు కడతారో చెప్పమంటే ఆర్థికవేత్తలు పెట్టుబడి అంటారు, పన్ను మినహాయింపు అంటారు. నేను చూసింది వేరు. చాలామంది ఆ గేటు ముందు నిలబడవలసి వస్తుందన్న భయంతో కొంటున్నారు.

ప్రభుత్వాలు కూడా సొంతిల్లు ఒక్కటే ఇల్లు అనుకుంటాయి. ఇందిరమ్మ ఇళ్లయినా, 2015లో మొదలైన డబుల్ బెడ్రూమ్ ఇళ్లయినా, ఆంధ్రలో ఇళ్ల పట్టాలయినా, టిడ్కో ఫ్లాట్లయినా, ప్రధానమంత్రి ఆవాస్ యోజన అయినా, వాటి వెనక ఉన్న ఊహ మనిషిని ఇంటికి యజమానిని చేయాలనే. అది మంచి ఊహే. కానీ ఆ ఇల్లు వచ్చేదాకా మనిషి ఎక్కడ ఉండాలి? ఆ ‘దాకా’ ఇరవై ముప్పై ఏళ్లు కావచ్చు, మా నాన్న విషయంలో అది జీవితకాలం అయింది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కూలీల దగ్గర ఒక నెల అద్దె అడగవద్దని కేంద్రం మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. అయినా జనం మూటలు నెత్తిన పెట్టుకుని జాతీయ రహదారుల మీద నడిచారు. ఆ నడక చూశాకే జులైలో వలస కార్మికులకు అద్దె ఇళ్ల సముదాయాలంటూ ఒక పథకం తెచ్చారు. అద్దెకుండేవాళ్లనే ఒక జనం ఉన్నారని ఢిల్లీకి గుర్తు రావడానికి అంత పెద్ద నడక కావలసి వచ్చింది.

ఆ మరుసటి ఏడాది, 2021లో, నమూనా అద్దె చట్టం వచ్చింది. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదు. కిరాయి పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. తగాదా వచ్చినా నీళ్లూ కరెంటూ ఆపకూడదు. తగాదాలు తేల్చడానికి వేరే అధికారి, వేరే కోర్టు. ఇంటివాళ్ల భయానికీ అందులో మందు ఉంది. గడువు తీరాక ఖాళీ చేయనివాడు మొదటి రెండు నెలలు రెట్టింపు కిరాయి, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలి. అయితే రాష్ట్రాలు తమ తమ చట్టాలు చేసుకుంటేనే ఇది జనం దాకా వస్తుంది. మనిషి చనిపోతే గేటు తీయాలని మాత్రం ఏ నమూనా చట్టంలోనూ లేదు. అది రాసి పెట్టవలసిన విషయమని ఎవరికీ తోచి ఉండదు.

పోయిన వారం ఆ పుస్తకం మళ్లీ తీశాను. 1997 ఆగస్టు వరుస పక్కన అమ్మ ఇలా రాసుకుంది: ‘అత్తమ్మ పోయింది. ఇంటోళ్లు అరుగు మీద పండవెట్టనిచ్చినరు. పదకొండు దినాలు ఇక్కడనే జేసినం. ఈ నెల కిరాయి వద్దన్నరు.’ ఆ నెల సంతకం లేదు. ఆ ఇంటావిడ మడి కట్టుకునే మనిషి. వాళ్ల బావిని అందరినీ తాకనిచ్చేది కాదు, అదీ నిజమే, మరచిపోలేదు. మైల ఆమెకూ ఉంది. అయినా మా నాయనమ్మకు అరుగు ఇచ్చింది.

ఇది చదువుతున్నవాళ్లలో ఇంటివాళ్లూ ఉంటారు. కిరాయి ఎంత తీసుకోవాలో మీకు చెప్పేదాన్ని కాను, మీ అవసరాలు మీవి. తీసుకున్నదానికి ఒక రసీదు ఇవ్వండి. పెంచేటట్టయితే మూడు నెలల ముందు చెప్పండి. పోర్షన్‌కు ఒక మీటరు పెట్టించండి. మీ ఇంట్లో కిరాయికున్నవాళ్లు ఎవరైనా పోతే, ఆ పొద్దు గేటు తీసి పెట్టండి.